సున్నమున విరిసిన చలువరాయి

మానవుడు గృహనిర్మాణ విద్యను నేర్చిన నాటినుండియు ఒక పదార్థమును వేరొక పదార్థముగా తోపింపజేయు నేర్పు ఆ విద్యను వెన్నంటియే వచ్చుచున్నది. ఏలూరు ప్రాంతమున కామవరపుకోట దాపున నున్న గుంటుపల్లి కొండలో, క్రీస్తు పుట్టుకకు ముందే బౌద్ధ భిక్షువులకై తొలిచిన వర్తులాకార చైత్యమును ప్రవేశించి తలయెత్తి చూచినవారికి పైకప్పున వాసములు వరుసదీరి కనబడును. అవి కఱ్ఱలు కావు, కొండరాతిని చెక్కి తీర్చిన కఱ్ఱల రూపములు. లేపాక్షి వీరభద్రాలయపు లతామంటపమున స్తంభములపై చీర యంచులను దలపించు అల్లికలు కలవు. అవి మగ్గముపై పుట్టినవి కావు, ఉలిమొనపై పుట్టినవి. రాయి కఱ్ఱవేషమును, వస్త్రవేషమును ధరించినపుడు దానిని మోసమని యెవ్వరును నిందింపలేదు. శిల్పి నేర్పునకు చేతులెత్తి మ్రొక్కిరి. అటులుండగా, గోడమీది సున్నపు పూత చలువరాతి వేషమును ధరించినపుడు మాత్రము దానిని నకిలీ యని యీసడించుట యే న్యాయము? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పగలది ఆ కళయొక్క చరిత్రయే. ఆ చరిత్ర రెండువేల యేండ్లకు మించినది. మధ్యధరా సముద్రపు ద్వీపములనుండి మన చెన్నపట్టణపు తీరము దాక విస్తరించినది.

ముందుగా సున్నమును గూర్చి నాలుగు మాటలు చెప్పుకొనవలసియున్నది. ఏలయనగా ఈ కళయొక్క రహస్యము రంగులకంటె సున్నములోనే యెక్కువగా నున్నది. సున్నపురాతినిగాని, సముద్రపు గుల్లనుగాని బట్టీలో పేర్చి సుమారు 900 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమిలో కాల్చినచో దానియందలి బొగ్గుపులుసు వాయువు వెడలిపోయి, తెల్లని తేలికయైన సున్నము మిగులును. దానిపై నీరు పోసినంతనే అది బుసబుస పొంగి, వేడెక్కి, విరిసి, మెత్తని ముద్దయగును. ఆ ముద్దను గోడకు పూసిన పిమ్మట, గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లమెల్లగా తిరిగి గ్రహించి, నెలలు గడచిన కొలది గట్టిపడి, బట్టీకి పోకమునుపు తాను ఏ ద్రవ్యమో తుదకు మరల ఆ ద్రవ్యమే యగును. చలువరాయియు ఈ సున్నపురాతికి తోబుట్టువే. భూగర్భమున ఒత్తిడికిని వేడికిని లోనై స్ఫటికములు దిద్దుకొన్న సున్నపురాతినే మనము చలువరాయి యందుము. కావున సున్నపు గోడమీద చలువరాతిని అనుకరించిన పనివాడు పరాయి వస్తువును అనుకరించినవాడు కాడు. భూమి యుగముల తరబడి చేసిన పనిని తాను కొలది ఋతువులలో చేయ బూనినవాడు. తడియారని సున్నముపై పులిమిన రంగు, ఆ సున్నము రాయిగా మారునపుడు పైన నేర్పడు సన్నని స్ఫటికపు పొరలో చిక్కుకొని గోడయందే భాగమై నిలుచును. అట్టి రంగు ఆరిన గోడపై పూసిన రంగువలె రాలిపోవునది కాదు.

ఈ కళకు చక్కని ప్రాచీన సాక్ష్యములు గ్రీకుల డెలాస్ ద్వీపమునందలి యిండ్లలోను, ఇటలీలో వెసూవియస్ అగ్నిపర్వతపు పాదమున నున్న పాంపేయీ, హెర్క్యులేనియమ్ పురములలోను లభించినవి. క్రీ. శ. 79లో ఆ పర్వతము బ్రద్దలై ఆ రెండు పురములను కప్పివేయుటచే, ఇతర నగరములలో కాలగర్భమున గలసిపోయిన గృహాలంకారము అక్కడ మాత్రము మనకు దక్కినది. 1882లో ఆగస్టు మౌ అను జర్మను పండితుడు పాంపేయీ గోడలను నాలుగు శైలులుగా విభజించి చూపెను. అందు మొదటిది సుమారు క్రీ. పూ. 200 నుండి క్రీ. పూ. 80 వరకు వ్యాపించినది. గోడయంతయు రంగురంగుల చలువరాతి దిమ్మలతో కట్టినట్లు గారతో మలచి, రంగులు వేయుటయే దాని స్వరూపము.

అట్టి గోడను కొంచెము దగ్గరనుండి పరికింతము. అడుగున నేలను తాకుచు సాదా పట్టె యొకటి. దానిపైన నిలువెత్తుగా నిలబెట్టిన పెద్ద పలకలు. వానిపై అడ్డముగా పేర్చిన చిన్న దిమ్మల వరుసలు. అన్నిటికిని పైన ముందునకు పొడుచుకొని వచ్చిన కపోతపట్టె. ఈ దిమ్మలన్నియు నునుపైన గోడపై గీతలు గీసి చూపినవి కావు. గార పచ్చిగా నున్నపుడే ప్రతి దిమ్మకును అంచును పల్లముగా దిగదీసి, నడుమను ఉబ్బెత్తుగా నిలిపిరి. కావున కన్నులు మూసికొని తడవినను చేతికి దిమ్మ దిమ్మగా తెలియును. ఆ యుబ్బుపైన పనివాడు ఒక దిమ్మకు పసుపు, దాని ప్రక్కదానికి ఊదాయెఱుపు, వేరొకదానికి ఆకుపచ్చ పులిమి, అందు రాతి యీనెలను, మబ్బుల వంటి మరకలను కుంచెతో దిద్దెను. హెర్క్యులేనియములో సామ్నైట్ గృహమని పేరొందిన యింటి ప్రవేశమార్గమునందు ఈ పని నేటికిని చూడనగును.

ఇట విచారింపవలసిన విషయ మొకటి కలదు. ప్రక్క ప్రక్కనే ఇన్ని వన్నెల రాతిదిమ్మలను పేర్చి గోడ కట్టుకొనుట ఆనాటి పాంపేయీ గృహస్థులకు సాధ్యమైన పని కాదు. ఆ యింటికి వచ్చు అతిథికిని ఆ సంగతి తెలియును. పనివాడు ఆ వర్ణవైవిధ్యమును అంత ధారాళముగా చూపుటలోనే ఇది గార యని ఒప్పుకొనుచున్నాడు. చూచువాడు వంచితుడు కాడు; నేర్పును చూచి ఆనందించుచున్నాడు. పాంపేయీలో మిక్కిలి విశాలమైన గృహములలో నొకటియు, అలెగ్జాండరు యుద్ధమును చూపు సుప్రసిద్ధ కుట్టిమచిత్రమునకు నిలయమునునైన ఫాన్ గృహమున ఈ మొదటి శైలి గోడలను యజమానులు తరతరములుగా కాపాడుకొని వచ్చిరి. పట్టణమున రెండవ, మూడవ, నాలుగవ శైలులు ఒకదానివెంట నొకటి వచ్చినను, ఆ సంపన్న గృహస్థులు తాతల నాటి గారపనిని చెరపనీయలేదు. అగ్నిపర్వతము బ్రద్దలైన నాటికి ఆ గోడల వయస్సు నూరేండ్లకు మించియుండెను.

అంతటి దార్ఢ్యము ఎట్లు చేకూరెనో తెలిపిన గ్రంథకర్త విట్రూవియస్. క్రీస్తుకు పూర్వపు మొదటి శతాబ్దమున, అగస్టస్ చక్రవర్తి కాలమున, ఇతడు వాస్తుశాస్త్రమును పది భాగములుగా వ్రాసి, ఏడవ భాగమును గోడలపూతకును వర్ణములకును కేటాయించెను. గోడకు ఇసుకసున్నముతో మూడు పూతలు, ఆపైన చలువరాతి పొడిని కలిపిన సున్నముతో మూడు పూతలు వేయవలెననియు, ఒక్కొక్క పూతకును పొడి మరింత సన్నగిలవలెననియు, పూత పూతకును గట్టిగా రుద్ది మెరుగుపెట్టవలెననియు విధించెను. ఒక్క ఇసుకపూతయు, ఒక్క రాతిపొడి పూతయు వేసి చేతులు దులుపుకొన్నచో ఆ పలుచని గోడ పగుళ్లువారి, మెరుపు నిలువక చెడునని హెచ్చరించెను. గ్రీకు పనివారు తొట్టిలో సున్నమును, ఇసుకను కలిపి, పదిమంది మనుష్యులను నిలిపి కఱ్ఱరోకళ్లతో దంపించిన తరువాత గాని దానిని గోడకు తాకించెడివారు కారట. ఆ విధముగా చేసిన పాత గోడలనుండి గార పలకలను కోసి, బల్లలకు పలకలుగా వాడుకొనువారును కలరని ఆయన వ్రాసెను. ఈ మాట నమ్మశక్యము కానిదిగా తోచవచ్చును గాని, సున్నము తిరిగి రాయియగునన్న ధర్మమును ఎఱిగినవారికి ఆశ్చర్యము లేదు.

అదే గ్రంథమున విట్రూవియస్ తన కాలపు అభిరుచిని తీవ్రముగా అధిక్షేపించెను. పూర్వులు చలువరాతి పలకల రూపములను అనుకరించిరి, పిమ్మట భవనములను, దృశ్యములను చిత్రించిరి, అవియన్నియు లోకమున ఉన్నవే. నేటివారు మాత్రము స్తంభములకు మారుగా రెల్లుకాడలను, గోపురములను మోయు దీపస్తంభములను, అనగా ఉన్నవియు ఉండబోవునవియు కాని వానిని చిత్రించుచున్నారని ఆయన యాక్షేపణ. అనుకరణము దోషమని ఆయన యెన్నడును అనలేదు. ప్రకృతిధర్మము తప్పిన కల్పనమే దోషమని ఆయన మతము.

మన దేశమునకు వత్తము. చిత్రకర్మకు గోడను సిద్ధపరచు విధానమును మన పూర్వులును శాస్త్రముగా వ్రాసిపెట్టిరి. విష్ణుధర్మోత్తర పురాణము తృతీయ ఖండమునందలి చిత్రసూత్రము ఇటుకపొడి, మన్ను, గుగ్గిలము, మైనము, బెల్లము, సున్నము మొదలగువానితో గోడకు లేపనము చేయు పద్ధతిని చెప్పుచున్నది. పండ్రెండవ శతాబ్దమున కల్యాణి చాళుక్య చక్రవర్తియైన మూడవ సోమేశ్వరుడు, తెలంగాణమునందలి పెక్కు సీమలు తన యేలుబడిలో నుండగా రచించిన మానసోల్లాసమున, ఎనుబోతుతోలును ఉడికించి తీసిన వజ్రలేపమను బంకను తెల్లమట్టితో కలిపి గోడకు పూయుటను వర్ణించెను. పదునారవ శతాబ్దమున కేరళదేశీయుడైన శ్రీకుమారుడు శిల్పరత్నమున గుల్లను కాల్చి తీసిన సున్నములో పెసల కషాయమును, బెల్లపు నీటిని, అరటిపండు గుజ్జును కలుపుమని విధించెను. చక్రవర్తులును, పండితులును గోడపూతను ఇంత శ్రద్ధగా గ్రంథస్థము చేయుట ఆ కాలమున ఈ వృత్తికి గల గౌరవమునకు నిదర్శనము.

ఈ సంప్రదాయము పరాకాష్ఠ నందినది కోరమండల తీరమున. పులికాటు సరస్సు అడుగున యుగములుగా పేరుకొన్న గుల్ల ఈ తీరమునకు ప్రకృతి యిచ్చిన నిధి; గుల్లసున్నము రాతిసున్నముకంటె తెల్లనిది, సన్ననిది. ఆ సున్నముతో చెన్నపట్టణపు మేస్త్రీలు తీర్చిన గచ్చు పదునెనిమిదవ శతాబ్దమునకే సముద్రములు దాటి కీర్తి నార్జించెను. సెయింట్ హెలినా ద్వీపమునకు గవర్నరైన ఐజాక్ పైక్, మద్రాసులో శ్రేష్ఠమైన సున్నము చేయు విధానమును వివరించి పంపగా, లండనులోని రాయల్ సొసైటీ వారు 1731-32 నాటి తమ సంపుటమున దానిని ప్రకటించిరి. బెల్లము, పప్పు ధాన్యము, కరక్కాయ మొదలగు మన యింటి దినుసులు ఆ విధముగా ఐరోపా విజ్ఞానుల పత్రికకు ఎక్కినవి. 1780లో మద్రాసు చేరిన విలియమ్ హాడ్జెస్ అను ఆంగ్ల చిత్రకారుడు, 1793లో ప్రకటించిన తన యాత్రాగ్రంథమున, సముద్రము మీదినుండి చూడగా ఆ పట్టణపు గృహములు చలువరాతికి దీటైన మెరుపుతో భాసించెనని వ్రాసెను. ఆ గృహములు చలువరాతివి కావు. ఇటుకపై గచ్చు పూసినవి.

ఆ మెరుపు వచ్చు విధ మిట్టిది. మొదటి పూతకు సున్నమును, ఇసుకను బెల్లపు నీటితో కలిపి, ఎద్దులు లాగు రాతిచక్రముతో గానుగలో నలుగగొట్టెదరు. మన పల్లెలలో దీనినే డంగుసున్నమందురు. రెండవ పూతకు ఇసుక మరింత సన్ననిది. మూడవ పూతకు జల్లెడపట్టిన గుల్లసున్నమును రుబ్బురోటిలో రుబ్బి, కోడిగ్రుడ్ల తెల్లసొనను, పెరుగును కలిపి, వ్రేళ్లసందున పలుకు తగులని మెత్తదనము వచ్చువరకు నూరుదురు. దానిని పలుచగా పూసి, పదును ఆరిపోకమునుపే నున్నని గులకరాతితోనో, స్ఫటికపు రాతితోనో రుద్ద నారంభింతురు. రుద్దిన కొలది గోడ చెమర్చును. ఆ చెమ్మను గుడ్డతో ఒత్తి, బలపపు పొడిని చల్లి, మరల రుద్దుదురు. మెరుపు నిలిచి, ఎదుట నిలిచినవాని నీడ గోడలో కనబడునంతవరకు పనివాడు రాతిని విడువరాదు. ఆరిన గోడను ఎంత రుద్దినను మెరుపు రాదు. పదును మించిన గోడను రుద్దినచో పూతయే లేచివచ్చును. ఈ పదును తెలియుటయే మేస్త్రీతనము. అది పుస్తకమున దొరకునది కాదు, గురువు ప్రక్కన యేండ్ల తరబడి కూర్చుండి చేతితో నేర్వవలసినది.

తెలుగునాట ఈ విద్య మరియొక త్రోవ త్రొక్కెను. గోల్కొండ ప్రాంతమున దొరకునది కరకు గ్రానైటు రాయి; దానిపై సన్నని లతలను చెక్కుట కష్టసాధ్యము. కుతుబ్షాహీల మేస్త్రీలు గోడను రాతితో కట్టి, సొగసును సున్నమునకు అప్పగించిరి. 1591లో వెలసిన చార్మినారు తోరణములపైని పూవులును, ఆ వంశపు సమాధులపైని పట్టెలును, ఆ తరువాతి కాలమున పైగా వంశపు ప్రభువుల సమాధులలో వెలసిన అల్లికలును గచ్చుపనియే. దక్షిణమున చెట్టినాటి వర్తకులు పందొమ్మిదవ శతాబ్దాంతమునుండి కట్టుకొన్న మేడలలో గ్రుడ్డుసొన కలిపిన నునుపుగోడలు నేటికిని చల్లదనమును, మెరుపును కోల్పోలేదు. ఉత్తరమున ఆరాయిష్ అను జయపురపు నునుపుగచ్చు పని ఈ కుటుంబమునకే చెందినది. పాంపేయీ పనివాడు చలువరాతి రంగులను కోరెను. మన పనివాడు చలువరాతి శరీరకాంతినే కోరెను. మార్గములు వేరైనను ఇరువురును నమ్ముకొన్నది అడుగు పూతలనే.

ఐరోపాలో ఈ కళ రోమక సామ్రాజ్యముతో అంతరింపలేదు. జొట్టో 1305 ప్రాంతమున పాడువా నగరపు స్క్రొవెన్యీ ప్రార్థనామందిరమున క్రీస్తు చరిత్రను చిత్రించుచు, ఆ చిత్రముల క్రింది భాగమున గోడ పొడుగునను చలువరాతి పలకలను అనుకరించి, వాని నడుమ పుణ్యపాపముల ప్రతిమలను శిలావర్ణమున నిలిపెను. పదునైదవ శతాబ్దమున ఫ్రా ఆంజెలికో ఫ్లారెన్సులోని సాన్ మార్కో మఠమున మేరీమాత చిత్రము క్రింద నాలుగు పలకలలో రంగులను చిమ్మి చలువరాతి మరకలను చూపెను. దేవుని యెదుట నిలిచిన యా సన్న్యాసికి రాతి ననుకరించుట అసత్యమని తోచలేదు. పదునేడవ శతాబ్దమున ఇటలీలోని కార్పీ పట్టణపు పనివారు జిప్సమ్ పొడిని, జిగురును, వర్ణములను కలిపి ముద్దచేసి, చెక్కిన రాతివలె మెరుగుపెట్టు స్కాలియోలా విద్యకు ప్రఖ్యాతి చెందిరి.

ఇంగ్లండులో పందొమ్మిదవ శతాబ్దమున ఈ పని ఇంటింటికిని ప్రాకెను. 1827లో నథానియేల్ విటాక్ అలంకార చిత్రకారులకై ఒక మార్గదర్శక గ్రంథమునే వెలువరించెను. తెల్లని నూనెరంగు నేలపై పలుచని వర్ణములను పొరలు పొరలుగా పారించి, స్పంజితో అద్ది, పక్షియీకతో ఈనెలను లాగి, బాడ్జర్ జంతువు వెండ్రుకల కుంచెతో వానిని చెదరగొట్టి, పైన వార్నిషు పూయుట వారి పద్ధతి. ఈ విద్యలో అగ్రగణ్యుడు థామస్ కెర్షా (1819-1898). ఇతని పలకలు 1851 నాటి లండను మహాప్రదర్శనమునందును, 1855 నాటి పారిస్ ప్రదర్శనమునందును పతకములు గైకొన్నవి. కొన్ని నేడు లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియమున నున్నవి. 1877లో ఫ్రెడరిక్ వాల్టన్ అవిసెనూనెను ముద్దగా గట్టిపరచి, చెక్కడపు రోలర్ల నడుమ నొత్తి, ఉబ్బెత్తు నగిషీగల లింక్రస్టా అను గోడచుట్టను కనిపెట్టెను. పనివారు దానిపై రంగులు దిద్ది తోలుగాను, దారుశిల్పముగాను భ్రమింపజేసిరి. గారలో చేతితో మలచిన యుబ్బు యంత్రముపాలైనది అప్పుడే.

ఆ దేశముననే ఈ కళపై ఘోరమైన అభియోగమును తెచ్చిన మహనీయుడు జాన్ రస్కిన్. 1849లో ప్రకటించిన తన వాస్తుగ్రంథమున సత్యమును ఒక దీపముగా నిలిపి, ఒక పదార్థమును వేరొకటిగా చూపు చిత్రణమును వంచన యని ఖండించెను. బ్రిటిష్ మ్యూజియపు సోపానమున గ్రానైటును అనుకరించి వేసిన రంగు, అది చక్కగా కుదిరినందుననే మరింత నింద్యమనియు, క్రిందనున్న నిజమైన రాతిపై సైతము సందేహమును పుట్టించుననియు ఆయన వాదము. ఈ వాదము బలవత్తరమైనది. నిజమును ప్రక్కన పెట్టుకొని అబద్ధమును ఆడువానిని ఎవ్వరును సమర్థింపలేరు. కాని ఆ రస్కినే కొలది యేండ్లకు వెనిస్ నగరమును గూర్చి వ్రాయుచు, ఇటుకగోడపై పలుచని చలువరాతి పలకలను తొడిగిన సెయింట్ మార్కు దేవాలయమును మనసార కొనియాడెను. పలకలను పట్టియుంచు మేకులను దాచక చూపుటచే అక్కడ వంచన లేదని ఆయన సమాధానము. తొడుగును తొడుగుగా ఒప్పుకొనుటయే సత్యమైనచో, పాంపేయీ పనివాడు అసంభవమైన వర్ణములతో ఒప్పుకొన్నాడు. ఫ్రా ఆంజెలికో చిమ్మిన రంగులతో ఒప్పుకొన్నాడు. వారును ఆ సత్యకోటిలోనివారే.

నా మతమున ఈ కళలో సత్యాసత్యముల హద్దు గోడ పైభాగమున లేదు, అడుగున నున్నది. రాతివలె కనబడు గోడ రాతివలె మన్నినచో అది సత్యము. మూడేండ్లకే పొట్టులేచినచో, దానిపై ఏ రూపమును వేయకున్నను అది అసత్యమే. 1824లో జోసెఫ్ ఆస్పిడిన్ పోర్ట్‌లాండు సిమెంటునకు హక్కుపత్రమును పొందిన తరువాత నూరేండ్లలో లోకమంతటను సున్నము వెనుకబడెను. సిమెంటు శీఘ్రముగా బిగియును, బలముగా నిలుచును. వంతెనలకు, ఆనకట్టలకు, అంతస్తుల మేడలకు అది చేసిన యుపకారము సామాన్యము కాదు. కాని దానితో పాటు గోడకు ఓపిక పట్టు అలవాటు పోయినది. ఆరు పూతలు రెండైనవి. నెలల పని దినములలోనికి దిగినది. నేడు హైదరాబాదులోను, విజయవాడలోను క్రొత్త యిండ్ల ముందుగదులలో ఒక గోడకు టెక్స్చర్ పెయింటు వేయించి, రోలరుతోను, దువ్వెనతోను గరుకు తేల్చి, పైన లోహపు వన్నె పులుముట వాడుకయైనది. ఆ కోరిక నింద్యము కాదు. అది ఫాన్ గృహపు యజమానుల కోరికయే. లోపమంతయు, పై రంగుకు వెచ్చించు ధనములో నాలుగవవంతైనను అడుగు పూతకు వెచ్చింపకుండుటలోనే యున్నది.

అంతకంటె విచారకరమైనది పాత గోడల గతి. డంగుసున్నపు గోడ చెమ్మను లోనికి తీసికొని తిరిగి గాలికి విడుచును. దానిపై సిమెంటు పూసినచో ఆ చెమ్మ వెలికి పోవు త్రోవ లేక లోపలనే నిలిచి, ఇటుకను తొలిచి, తుదకు క్రొత్త పూతను సైతము రాల్చును. బాగుచేయుచున్నామను భ్రమతో నూరేండ్ల గోడను పదియేండ్లలో కూల్చుకొనుట ఇట్లు జరుగుచున్నది. సున్నపుపని తెలిసిన మేస్త్రీలు మన యూళ్లలో కొందరైనను ఇంకను కలరు. వారి చేతిలోని పదును వారితోనే పోరాదు. పాత మండువా యిల్లు గలవారు దానిని బాగుచేయించునపుడు సిమెంటు మాట మాని సున్నపు మేస్త్రీని వెదకుడు. ఆయన ప్రక్కన ఒక కుఱ్ఱవానిని నిలిపి వాని కూలియు మీరే యిండు. పాలిటెక్నిక్ విద్యాలయములలో సిమెంటునకు ఇచ్చు పాఠములలో కొన్నిటిని సున్నమునకును ఇయ్యవలెనని ఉపాధ్యాయులు అడుగుడు. క్రొత్త యిల్లు కట్టుకొనువారు గోడకు ఏ రంగు వేయుదురని అడుగుటకు ముందు, ఆ రంగు క్రింద ఎన్ని పూతలు వేయుదురని అడుగుడు.